అమెరికాలో పిల్లల సాకర్ టీమ్‌కు వాలంటీర్ కోచ్‌గా ఎలా సిద్ధం కావాలి?

మీ ఆరేళ్ల పాప టీమ్‌కు కోచ్ దొరక్క మిమ్మల్ని అడిగారు, మీరేమో క్రికెట్ తప్ప ఏమీ ఆడలేదన్నారు. టెన్షన్ పడకుండా ఒప్పుకోండి. అక్కడ చాలా టీమ్‌లు తల్లిదండ్రుల మీదే నడుస్తున్నాయి.

ముందు బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల్ని వేధింపుల నుంచి కాపాడటం నేర్పే సేఫ్‌స్పోర్ట్ శిక్షణ పూర్తిచేయాలి. తలకు దెబ్బ తగిలితే ఎలా గుర్తుపట్టాలో చెప్పే చిన్న కోర్సు కూడా చాలా లీగ్‌లు అడుగుతాయి. వీటిని మొక్కుబడిగా క్లిక్ చేసి వదిలేయకండి, పిల్లల భద్రత వీటిలోనే ఉంది. ఆ తర్వాత అమెరికా జాతీయ సాకర్ సమాఖ్య అయిన యూఎస్ సాకర్ వారి గ్రాస్‌రూట్స్ (ప్రాథమిక స్థాయి) కోర్సుల్లో, జట్టుకు నలుగురు చొప్పున ఆడే ఆటకు ఉద్దేశించినది తీసుకోండి. ఈ వయసుకు అదే ఆట, గోల్‌కీపర్ ఉండరు.

అసలు కష్టం మైదానంలో. పిల్లల్ని వరుసలో నిలబెట్టారా, మూడో పాప గడ్డి పీకడం మొదలుపెడుతుంది. అందుకే తలా ఒక 3వ సైజు బంతి ఉండాలి. రాగానే చిన్న ఆట, మధ్యలో ఒకే ఒక్క విషయం మీద సాధన, మళ్లీ ఆట: యూఎస్ సాకర్ నేర్పే పద్ధతి ఇదే. మీ మాటలు ఒక్కసారికి నిమిషం దాటకపోతే మంచిది. పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలతో హెడింగ్, అంటే తలతో బంతిని కొట్టడం, చేయించకూడదు. 2015లో ప్రకటించిన నియమం అది. మ్యాచ్‌కు ముందురోజే ఎవరు ఎప్పుడు ఆడాలో చీటీ రాసుకోండి, అందరికీ సమానంగా ఆడే సమయం దక్కుతుంది.