బట్టలకి పట్టేసే ఆ ముళ్ల గింజలు ఏ మొక్కవి?

ప్రశ్న: మా పక్కన ఖాళీ ప్లాటు ఉంది. బాబు బాల్ కోసం అందులోకి వెళ్లొస్తే చాలు, ప్యాంటు నిండా సన్న సన్న ముళ్ల గింజలే. అలాగే వాషింగ్ మెషీన్‌లో వేశాను, అవి నా చీరలకీ పట్టేశాయి. కుక్కపిల్ల కాళ్లకీ అంతే. మా అత్తయ్యేమో అది వినాయకుడి పత్రి, పీకొద్దంటున్నారు. నిజమేనా?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అత్తయ్యగారు చెప్పింది నిజమేనండి, అది ఉత్తరేణి. చవితి పూజలో ‘గుహాగ్రజాయ నమః, అపామార్గ పత్రం పూజయామి’ అని చదువుతాం కదా, 21 పత్రుల్లో ఏడోది, ఆ అపామార్గం ఇదే. బుధుడికి హోమం చేసేటప్పుడు వేసే సమిధ కూడా ఇదే. చవితి ముందు రోజు బజార్లో డబ్బులిచ్చి కొనుక్కొచ్చే ఆకు మన గోడ పక్కనే మొలుస్తోందని చాలామందికి తెలీదు, నాకైతే అదే బాధ.

గుర్తుపట్టడం తేలిక. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, కణుపులు కాస్త ఉబ్బి ఉంటాయి, పైన పొడుగ్గా సన్నటి వెన్ను వేస్తుంది. పువ్వులు మొదట పైకో పక్కకో నిలబడతాయి, కాయ కట్టేకొద్దీ కిందకి తిరిగి కాడకి హత్తుకుపోతాయి, ఒక్కో కాయ చుట్టూ సూది మొనల్లాంటి రేకులుంటాయి కాబట్టి మన కాలు తగలగానే కాడ నుంచి ఊడి బట్టకి గుచ్చుకుంటాయి, మేక బొచ్చో లుంగీ అంచో ఏది దొరికితే దాన్ని పట్టుకుని ఎంత దూరమైనా వెళ్లిపోతాయి. ఇది తోటకూర కుటుంబం మొక్కే తెలుసా!

గింజ రేగుపండంత లావుగా, ఒళ్లంతా కొక్కేలతో ఉంటే మాత్రం అది ఉత్తరేణి కాదు, మరులమాతంగి. దాని లేత మొలకలు మేస్తే పశువులకి విషం, అది కనిపిస్తే ఆలోచించకుండా పీకేయండి.

బట్టలు ఉతక్కముందే, పొడిగా ఉన్నప్పుడే గుడ్డని బిగించి పట్టుకుని పేన్ల దువ్వెనతో గీకండి, వచ్చేస్తాయి. రాలినవి పెరట్లో దులపకండి, మళ్లీ అక్కడే మొలుస్తాయి. కుక్కపిల్లకి కాలివేళ్ల మధ్య, చెవుల్లో రోజూ చూడండి, చెవిలోకి పోయి తల విదిలిస్తుంటే డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి.

పల్లెల్లో ఉత్తరేణి పుల్లతో పళ్లు తోముకునేవాళ్లు. భగందరానికి, అంటే మలద్వారం దగ్గర వచ్చే ఫిస్టులాకి, ఆయుర్వేదంలో వాడే క్షారసూత్రంలో (మందు పట్టించిన దారం) దీన్ని కాల్చి తీసిన క్షారం పడుతుంది. అలాగని కషాయాలు మీరే కాచుకుని తాగొద్దు, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్లు.

అన్నీ పీకక్కర్లేదు. పిల్లాడు తిరిగే దారిలోవి వెన్ను ఎండకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగేయండి. ఓ మూల రెండు మొక్కలు ఉంచి, చవితికి ఆకు కోసుకున్నాక, వెన్ను వేసినప్పుడల్లా పచ్చిగా ఉండగానే తుంచేస్తే చాలు.