నక్షత్రాకారపు కేకుకు బటర్‌క్రీమ్ మూలలు ఎందుకు మొద్దుబారుతాయి?

గుండ్రని కేకుకు బటర్‌క్రీమ్ (వెన్న, చక్కెర పొడి కలిపి చేసే పూత) నున్నగానే వస్తోందనీ, హృదయాకారానికీ నక్షత్రాకారానికీ వచ్చేసరికి మూలలు మొద్దుబారిపోతున్నాయనీ, లోపలి మూలల్లో క్రీమ్ పేరుకుపోతోందనీ, క్రీమ్‌ను చదును చేసే స్క్రాపర్ రేకును ఎన్నిసార్లు లాగినా గీతలూ, చిన్న చిన్న గుంతలూ పోవడం లేదనీ మీరు రాశారు. హనుమకొండలో ఎనిమిదేళ్లుగా ఇంటి నుంచే కేకులు చేసి ఇస్తున్నాను. మొదటి మూడేళ్లూ నాదీ ఇదే అవస్థ. గుండ్రని కేకుకు స్క్రాపర్‌ను కదలకుండా పట్టుకుని కేకు కింద ఉండే తిరిగే పీటను (టర్న్‌టేబుల్‌ను) తిప్పితే చాలు. మూలలున్న కేకుకు ఆ పద్ధతి పనికిరాదు. మెత్తగా ఉన్న క్రీమ్‌తో పక్కపక్క ముఖాలు రెండింటినీ ఒకేసారి నునుపు చేయబోతే, ఒకదాన్ని సరిచేసిన ప్రతిసారీ రెండోదాని అంచు చెడుతుంది. అందువల్ల ఒక ముఖం పూసి, అది ఫ్రిజ్‌లో పూర్తిగా గట్టిపడిన తర్వాతనే దాని పక్క ముఖం జోలికి వెళ్లాలి.

ఇది నాకు ఏ బేకింగ్ తరగతిలోనూ తెలియలేదు. మా ఇంటి మీద గది వేయించినప్పుడు గోడలకు గిలాబు (సిమెంటు పూత) చేస్తున్న మేస్త్రీని చూసి నేర్చుకున్నాను. గోడ మూల దగ్గర ఆయన ఒక వైపు చెక్క బద్దను ఆనించి, గిలాబు ఎంత మందం రావాలో అంత మేర దాన్ని మూల దాటి ముందుకు పెట్టి, రెండో వైపు గోడకు మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కొట్టి ఆ బద్ద అంచుకు సమంగా చదును చేశారు. మాలు బిగిసిన తర్వాత బద్దను వెనక్కి గుంజకుండా పక్కకు జరిపి తీశారు. మూల కత్తి అంచులా నిలిచింది. ఆ తర్వాతే రెండో గోడ ముట్టుకున్నారు. అప్పట్లో ఊరికే చూస్తూ నిలబడ్డాను; అది అక్కరకు వచ్చింది రామప్ప కేకు నాడు.

2021లో రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన కొన్నాళ్లకు, పదవీ విరమణ చేస్తున్న ఒక ఉపాధ్యాయురాలి కోసం ఆమె తోటివారు ఆ గుడి పీఠం ఆకారంలో కేకు కావాలన్నారు. ఆమె ఏటా పిల్లలను పాలంపేటకు తీసుకువెళ్లి గుడి చూపించేవారట. ఆ పీఠాన్ని చూసినవారికి తెలుసు, ఆరడుగుల ఎత్తున నక్షత్రంలా లోపలికీ బయటికీ మడతలు పడుతూ పోతుంది. నేను దాన్ని ఎంత సులభం చేసుకుని గీసినా పదహారు ముఖాలు తేలాయి. సాయంత్రం మొదలుపెట్టి, అన్ని ముఖాలకూ ఒకేసారి క్రీమ్ పూసి, రాత్రి పదకొండు దాకా స్క్రాపర్ లాగుతూనే ఉన్నాను. చివరికి క్రీమ్ మీద నూనె రాసినట్టు ఒక మెరుపు వచ్చింది. వెన్న కరుగుతోందని చెప్పే గుర్తు అదే. అది కనిపించాక ఇక ఎంత లాగినా నునుపు రాదు. రామప్ప ఇటుకలు నీటిలో తేలుతాయని చెప్పుకుంటాం గానీ, ఆ రాత్రి నా పీఠం వెన్నలో మునిగింది. మొత్తం గీకేసి, కేకును ఫ్రిజ్‌లో పెట్టి కూర్చున్నప్పుడు మేస్త్రీ బద్ద గుర్తుకు వచ్చింది.

ముందు క్రీమ్ సంగతి చెబుతాను. ఇక్కడ ఎక్కువమంది గుడ్డు లేని కేకే అడుగుతారు కాబట్టి నేను ఉప్పు లేని వెన్న, ఐసింగ్ షుగర్ కలిపే మామూలు బటర్‌క్రీమ్‌నే వాడతాను. అరకిలో వెన్నకు 900 గ్రాముల చక్కెర పొడి, రెండు చెంచాల పాలు, చిటికెడు ఉప్పు సరిపోతాయి. పొడిని రెండుసార్లు జల్లించాలి, లేకపోతే ఆ పలుకులే స్క్రాపర్ కింద పడి గీతలు గీస్తాయి. గుడ్డు అభ్యంతరం లేనివారికైతే తెల్లసొన, చక్కెరను మరిగే నీటి గిన్నెపై 71 డిగ్రీల దాకా వేడిచేసి గిలక్కొట్టి, ఆ నురుగులో వెన్న కలిపే స్విస్ పద్ధతి ఇంతకంటే నున్నగానూ, తక్కువ తీపిగానూ వస్తుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది, మే నెలలో మన ఓరుగల్లు ఎండ 42 దాటుతుంది. అందుకే ఎండాకాలంలో పాలు మానేసి, కరిగించి చల్లార్చిన వైట్ కాంపౌండ్ (తెల్ల చాక్లెట్ లాంటి గడ్డ) 150 గ్రాములు కలుపుతాను. ఫ్రిజ్‌లో అది క్రీమ్‌ను బాగా బిగిస్తుంది. డాల్డాతో కూడా నిలుస్తుంది గానీ, తిన్న తర్వాత అంగిట్లో పేరుకునే ఆ జిడ్డు నాకు సయించదు.

మీరు చెప్పిన చిన్న చిన్న గుంతలు గాలి బుడగలవి. క్రీమ్ తెల్లబడేదాకా వేగంగా గిలక్కొట్టడం అవసరమే, కానీ ఆ తర్వాత మిక్సర్‌ను అతి తక్కువ వేగంలో ఐదారు నిమిషాలు నడపాలి. పూసే ముందు గరిటెతో క్రీమ్‌ను గిన్నె గోడకు అదుముతూ కలపండి; బుడగలు పగులుతున్న సన్నని చప్పుడు వినిపిస్తుంది. అది ఆగేదాకా చేతికి విశ్రాంతి ఇవ్వకండి.

ఇప్పుడు బద్దల విషయం. మేస్త్రీ బద్దకు బదులుగా మనకు కేకు ఆకారంలోనే రెండు పలకలు కావాలి, ఒకటి అడుగున, ఒకటి పైన. నేమ్ బోర్డులు చేసే దుకాణంలో గీసిన కాగితం ఇస్తే అక్రిలిక్ షీటును లేజర్‌తో రెండూ ఒకే కొలతలో కోసి ఇస్తారు. కేకును మాత్రం పలక కంటే అన్ని వైపులా నాలుగు మిల్లీమీటర్లు లోపలికి ఉండేలా చెక్కాలి, ఎందుకంటే ఆ నాలుగు మిల్లీమీటర్లే మీ క్రీమ్ మందం. చెక్కడానికి ముందు కేకు పొరలను పేర్చి, పైన తేలికైన బరువు పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. అలా కుదురుకోని కేకు తర్వాత కుంగి క్రీమ్‌ను బయటికి ఉబ్బిస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించవద్దు, పూసిన క్రీమ్ వెంటనే బిరుసెక్కి స్క్రాపర్‌కు చిక్కదు. పొడి రాలకుండా క్రీమ్‌తో పలుచని మొదటి పూత (క్రంబ్ కోట్) వేసి, అరగంట చల్లబరిచి, పైన బటర్ పేపర్ పరిచి రెండో పలకను దాని మీద ఉంచండి. రెండు పలకల అంచులూ నిలువుగా ఒకే గీతలో ఉన్నాయో లేదో పిల్లల జామెట్రీ డబ్బాలోని మూలమట్టంతో చూస్తాను. నవ్వులాటగా ఉంటుంది గానీ, ఇక్కడ పడిన వంకర చివరిదాకా పోదు.

ఇక పూయడం. ముఖాలకు వరుసగా అంకెలు వేసుకుని, ముందు బేసి ముఖాలకే పూయండి. క్రీమ్‌ను కొంచెం ఎక్కువగానే పెట్టి, వేడినీటిలో ముంచి తుడిచిన స్టీలు స్క్రాపర్‌ను లోపలి మూలలో నిలబెట్టి, రెండు పలకల అంచులనూ తాకిస్తూ బయటి మూల వైపు ఆగకుండా ఒకే లాగున లాగాలి. మధ్యలో ఆగిన చోట గీత పడుతుంది. రెండుసార్లు లాగి వదిలేయండి, మూడోసారి లాగాలన్న ఆశే కేకును చెడగొడుతుంది. బయటి మూల దాటి క్రీమ్ చిన్న చెవిలా నిలుస్తుంది. దాన్ని ముట్టుకోకుండా కేకును ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. వేలి గోటితో తట్టితే కొవ్వొత్తిని తట్టినట్టు ఉండాలి. అప్పుడు పలక అంచు వెంబడి ఆ చెవిని కత్తితో కోసేసి, సరి ముఖాల పని మొదలుపెట్టండి. ఈసారి లోపలి మూలలో స్క్రాపర్‌కు ఆనుకోవడానికి గట్టిపడిన ముఖం దొరుకుతుంది, అది చెక్కుచెదరదు. పక్క ముఖం మీదికి పొర్లిన మెత్తని క్రీమ్ కూడా గీకగానే వచ్చేస్తుంది. ఇరుకు మూలలకు వెడల్పాటి స్క్రాపర్ పట్టదు. ఐస్‌క్రీమ్ డబ్బా మూత నుంచి రెండు అంగుళాల ముక్క కోసి, దాని ఒక కొనను ఆ మూల కోణానికి సరిపడా కత్తిరించుకున్నాను; నా పనిముట్లన్నిటిలో ఖర్చు లేనిదీ, అన్నిటికంటే ఎక్కువ వాడేదీ అదే.

అన్నీ పూర్తయ్యాక గంటసేపు చల్లబరచి, సన్నని వేడి కత్తిని పై పలక కింద పోనిచ్చి, పలకను పైకి ఎత్తకుండా పక్కకు జరిపి తీయాలి. పైభాగం నింపి చదును చేసి, మళ్లీ చల్లబరిచి, అంచు మీద మిగిలిన చెవులను బయటి నుంచి మధ్యకు కోయండి. కత్తిని వేడినీటిలో ముంచిన ప్రతిసారీ పూర్తిగా తుడవాలి. ఒకసారి తుడవడం మరిచిపోతే నీటిచుక్క ఎర్రరంగు క్రీమ్ మీదుగా జారి, తెల్లని గోడ మీద వాన చారలా మిగిలింది. ఆ ముఖం మొత్తం మళ్లీ పూయవలసి వచ్చింది.

హృదయాకారానికి ఇంత శ్రమ లేదు. పైన నొక్కు, కింద కొన అనే రెండే మూలలు కాబట్టి కుడి సగం ఒకసారి, ఎడమ సగం ఇంకోసారి చేస్తే సరిపోతుంది. వంపుల దగ్గర స్టీలు స్క్రాపర్ బదులు స్టేషనరీ దుకాణంలో దొరికే పారదర్శకపు ప్లాస్టిక్ షీటు ముక్కను వంచి లాగండి. బతుకమ్మ ఆకారం అడిగేవారు వస్తే మాత్రం సంతోషిస్తాను, అందులో తప్పులన్నిటినీ పూలే కప్పేస్తాయి.

ఈ పద్ధతిలో రామప్ప పీఠానికి రెండో రోజు పట్టిన సమయం ఐదు గంటలు, అందులో నేను నిలబడి పనిచేసింది గంటన్నర ఉంటుందేమో. కరెంటు పోయే వేళలు చూసుకుని మొదలుపెట్టండి, ఆ మధ్యలో ఫ్రిజ్ తలుపు తీయవద్దు. వానాకాలంలో చల్లని కేకును బయటికి తీయగానే గాలిలోని తేమ దాని మీద చెమటలా పడుతుంది, అప్పుడు వేలు తగిలితే మచ్చ మిగులుతుంది. అందువల్ల కేకును ఫ్రిజ్‌లోనే డబ్బాలో పెట్టి మూసేసి, వేడుక జరిగే చోటికి అలాగే తీసుకువెళ్లి, కేకు చల్లదనం తగ్గిన తర్వాతే మూత తీయమని చెప్పండి. చెమట డబ్బాకు పడుతుంది, కేకుకు పట్టదు.