టెక్ సందేహాలు: ఐదో అంతస్తులో ఏసీ.. అవుట్‌డోర్ ఎక్కడ పెట్టాలి?

కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఆఖరి అంతస్తు మాది, సొంత ఫ్లాటే. బెడ్‌రూమ్ 12×13 అడుగులు. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ కొన్నాం. బిగించడానికి వచ్చినతను అవుట్‌డోర్ యూనిట్‌ని కిటికీ పక్కన బయటి గోడకు పెడతానన్నాడు. నాకేమో భయం. టెర్రస్ మీద పెడదామంటే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. పైగా ఈ గదికి ఒక టన్ను సరిపోయేదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

ముందు టన్నుల సంగతి తేల్చేద్దాం. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, గంటకు 12,000 బీటీయూల వేడిని గదిలోంచి బయటికి పంపే సామర్థ్యం. మీ గదే రెండో అంతస్తులో ఉంటే ఒక టన్ను చాలు. కానీ మీ నెత్తిమీద ఉన్నది స్లాబ్. పగలంతా ఎండకు కాగి, రాత్రి పది దాటాక కూడా ఆ వేడిని గదిలోకి దించుతూనే ఉంటుంది. కాబట్టి ఒకటిన్నర టన్ను కొని మంచి పనే చేశారు. ఇన్వర్టర్ కాబట్టి గది చల్లబడ్డాక కంప్రెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది.

ఇక అవుట్‌డోర్. ఎక్కడ పెడతామన్నా సరే, మెకానిక్‌ని ఒకటే అడగండి: రేపు సర్వీసుకు వచ్చే మనిషి కాళ్లు ఎక్కడ పెట్టి నిలబడతాడు? కిటికీ పక్క గోడ అంటే దానికి జవాబు లేదు. మీ భయం అనవసరమైందేమీ కాదు. 2024 ఆగస్టులో ఢిల్లీలోని కరోల్‌బాగ్ ప్రాంతంలో రెండో అంతస్తు నుంచి అవుట్‌డోర్ యూనిట్ ఊడిపడి కింద ఉన్న 18 ఏళ్ల యువకుడు చనిపోయాడు. మీది ఐదో అంతస్తు.

బాల్కనీ ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, అక్కడే పెట్టించండి. ఫ్యాన్ మాత్రం బయటివైపు చూడాలి, దాని ముందు ఏ అడ్డూ ఉండకూడదు. వేడిగాలి తొందరగా ఆరబెడుతుందని చాలా ఇళ్లలో దాని ముందే బట్టలు ఆరేస్తారు. బట్టలు ఆరతాయి గానీ, ఆ గాలి బయటికి పోక మళ్లీ యూనిట్‌లోకే వెళ్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది.

బాల్కనీ లేకపోతే టెర్రస్సే మేలు. అది ఉమ్మడి స్థలం కాబట్టి అసోసియేషన్‌ని ఒప్పించాల్సిందే, దొంగచాటుగా పెట్టించుకోకండి. సాధారణంగా వాళ్ల భయమల్లా స్లాబ్‌కు రంధ్రాలు పెడితే వాన నీళ్లు కారతాయనే. అందుకే స్లాబ్‌ను తాకబోమని, కాంక్రీట్ దిమ్మెల మీద రబ్బరు ప్యాడ్లు వేసి యూనిట్‌ని నిలబెడతామని, పైపులు పిట్టగోడ మీదుగా దింపుతామని, లీకు వస్తే ఖర్చు మాదేనని కాగితం మీద రాసివ్వండి. నోటిమాట కంటే ఇది బాగా పనిచేస్తుంది. ఏసీతో వచ్చే కాపర్ పైపు సాధారణంగా 3 మీటర్లే, అది చాలదు. అదనపు పైపుకు మీటరుకింత అని తీసుకుంటారు. పైపు బాగా పెరిగితే కంపెనీ మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం గ్యాస్ కూడా కలపాలి. ఎంత కలుపుతున్నాడో దగ్గరుండి చూడండి. గోడలోకి వచ్చే రంధ్రం బయటివైపుకు వాలి ఉండాలి. లేదంటే వాన నీళ్లు పైపు పట్టుకుని నేరుగా మీ మంచం మీదకే వస్తాయి.

గోడ తప్ప వేరే దారే లేదంటే, యాంకర్ బోల్టులు కాంక్రీట్ బీమ్‌కో పిల్లర్‌కో వేయించండి. తేలికపాటి ఏఏసీ ఇటుకల గోడకు మామూలు బోల్టు సరిగా పట్టదు. సేఫ్టీ బెల్టు లేకుండా మెకానిక్‌ని కిటికీ దాటనివ్వకండి. ‘ఐదు నిమిషాల పనే మేడమ్’ అంటాడు, వినొద్దు.

బిగించే రోజు వాక్యూమ్ పంపు తెచ్చాడో లేదో చూడండి. పైపుల్లోని గాలిని, తేమను ఆ పంపుతోనే లాగేయాలి. టైమ్ కలిసొస్తుందని కొందరు యూనిట్‌లో ఉన్న గ్యాస్‌నే కొంచెం వదిలి గాలిని తోసేస్తారు. తేమ లోపలే ఉండిపోయి కంప్రెసర్ దెబ్బతింటుంది. పైగా ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం ఉంది. వైరింగ్‌కు మీటరు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు, సరైన ఎర్తింగ్, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటును తనే ఆపేసే స్విచ్). గీజర్ లైనులో కలపొద్దు.

ఇంకో మాట. అసోసియేషన్ మీటింగ్‌లో టెర్రస్‌కు తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ సంగతి కూడా ఎత్తండి. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే దీనికోసం ఒక విధానం తెచ్చింది. స్లాబ్ కాగడం తగ్గితే మీ ఏసీకి సగం టెన్షన్ తగ్గినట్టే.

వైజాగ్‌లో సముద్రానికి ఎదురుగా తొమ్మిదో అంతస్తు మాది. మూడేళ్లకే అవుట్‌డోర్ కాయిల్‌ను తుప్పు తినేసి గ్యాస్ పోయింది. కొత్తది కొంటే మళ్లీ ఇదే గతా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

ఉప్పుగాలి తగిలే చోట జాగ్రత్త పడకపోతే మళ్లీ అదే జరుగుతుంది. కాపర్ కాయిల్, దాని మీద తుప్పు పట్టని కోటింగ్ ఉన్నదే తీసుకోండి. కాయిల్ రేకులు నీలంగా కనిపిస్తే చాలనుకోవద్దు, ఆ కోటింగ్ దేనికో, తుప్పుకు వారంటీ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. వీలైతే సముద్రం వైపు కాకుండా భవనం మరోవైపు పెట్టించండి. ఎదురుగాలి ఫ్యాన్ మీదకు నేరుగా కొట్టే చోట యూనిట్ ఊపిరాడక ఆగిపోతుంటుంది కూడా. నెలకోసారి మెయిన్ ఆపి, మంచినీళ్లు మెల్లగా పోసి ఉప్పు కడగాలి. ప్రెషర్ గన్ వద్దు, రేకులు వంగిపోతాయి. స్టాండు బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించండి. 2014లో హుద్‌హుద్ గాలిని చూసిన ఊరివాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

కొత్త ఏసీ వైఫైకి కనెక్ట్ కావడం లేదు. ఫోన్‌కు మాత్రం సిగ్నల్ ఫుల్లుగా ఉంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

చాలా ఏసీలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటాయి. మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉండి ఉంటుంది. రూటర్ సెట్టింగ్స్‌లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, ఫోన్‌ను 2.4కి మార్చి, అప్పుడు యాప్‌లో ఏసీని కలపండి. ఒకసారి కలిశాక ఫోన్‌ను మళ్లీ 5కి మార్చుకోవచ్చు.