మల్లన్న కథ: రెండు రాత్రులు, రెండు తీర్లు

ప్రశ్న: మా ఊళ్ళో ఒగ్గుకథ రెండు రాత్రులు ఫోన్లో రికార్డు చేశాను. డోలు మోతలో మాటలు వినబడట్లేదు. పైగా అదే కథకుడు, అదే మల్లన్న కథ రెండుసార్లు రెండు తీర్లుగా చెప్పాడు. అసలుది ఏది? – ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: రెండూ అసలువే. 1930లలో మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ పండితుడు యుగోస్లావియాలో కథలు పాడే గాయకుల దగ్గర ఇదే గమనించాడు. వాళ్ళు పాటను బట్టీ పట్టరు. కథ నడక, అలవాటైన పదబంధాలు గుర్తుంచుకొని అప్పటికప్పుడు అల్లుకుంటారు. కాబట్టి రెండింటినీ కలిపి ఒక 'మంచి ప్రతి' తయారు చేయకండి. అలా చేస్తే ఎవరూ ఎన్నడూ చెప్పని కథ తయారవుతుంది! తేదీ వేసి వేర్వేరుగా రాయండి.

ఇక మోత సంగతి. ఫోన్ డోలు పక్కన పెట్టి ఉంటారు. పెద్ద చప్పుడు రాగానే అది శబ్దస్థాయిని తనంతట తాను తగ్గించేస్తుంది, దాంతో మాట మునిగిపోతుంది. కథకుడి ఛాతీకి, డోలు లేని వైపు, చిన్న కాలర్ మైకు పెట్టండి. ఇంకో రికార్డరు పది పన్నెండు అడుగుల దూరంలో ఉంచండి. డోలు గట్టిగా మోగినప్పుడే స్థాయి చూసుకోండి, మెల్లగా ఉన్నప్పుడు కాదు. వేవ్ (WAV, కుదించని శబ్దం) ఫైలు స్టీరియోలో గంటకు సుమారు 600 ఎంబీ తింటుంది. రాత్రంతా సాగే కథకు కార్డు ముందే ఖాళీ చేసుకోండి.

రాసేటప్పుడు వంతవాళ్ళ (కథకుడికి వంత పలికేవాళ్ళ) 'ఆఁ', 'అవునవును'లు కొట్టేయకండి. కథ ఊపు అక్కడే ఉంది. అన్నట్టు, కథకుడి అనుమతి మాత్రం రికార్డు మొదలుపెట్టకముందే అడగాలి.