ఆ ఇంటి లోపలికి కెమెరా వెళ్ళిందా లేదా అన్నదే నేను చూస్తాను

కథ, నటన, పాటలు బాగుంటే చాలదా, దళితుల్ని ఎలా చూపించారు, ఆడవాళ్ళని ఎలా చూపించారు, వికలాంగుల్ని ఎలా చూపించారు అని చూసి సినిమాకి మార్కులు వెయ్యడం న్యాయమా అని అడిగారు. న్యాయమేనండి. నేను అలాగే చూస్తాను. ఎందుకో చెప్పాలంటే మా ఊళ్ళో జరిగిన ఒక షూటింగ్ సంగతి చెప్పాలి.

మాది కోనసీమ, రాజోలు వైపు. కాలవలు, కొబ్బరితోటలు ఉన్న చోటు కాబట్టి సినిమా వాళ్ళు మాకు కొత్త కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక పెద్ద యూనిట్ వచ్చింది. పేదల కోసం హీరో ఊరి ప్రెసిడెంటు మీద తిరగబడే కథ. ప్రెసిడెంటు ఇంటికి ఊళ్ళో ఒక మండువా లోగిలి అద్దెకి తీసుకున్నారు. పేట సీన్లకి, అంటే దళితుల ఇళ్ళ సీన్లకి మాత్రం మా పేట పనికిరాలేదు. ఎందుకంటే మా పేటలో చాలావరకు డాబాలే. అన్నీ గల్ఫ్ డబ్బులు. మా పిన్ని పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి, కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో ఏళ్ళ తరబడి వంట చేసి, ఆ డబ్బుతో శ్లాబు వేయించింది. కింద టైల్స్, ముందు గ్రిల్లు, గుమ్మం పైన శిలువ. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి చూసి, ఇవి పేదవాళ్ళ ఇళ్ళలా లేవని, కాలవ గట్టున ఖాళీ జాగాలో తాటాకు పాకలు వేయించారు.

తరవాత జనం కావాలన్నారు. బేటా ఇస్తాం, భోజనం పెడతాం అని ఏజెంటు పేటలో చెప్పాడు. పిన్ని డబ్బు కోసం వెళ్ళలేదు, తెర మీద కనబడతానని సరదాపడి వెళ్ళింది. క్రిస్మస్‌కి కొనుక్కున్న చీర ఇస్త్రీ చేసి కట్టుకుంది. అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు చూసి, "ఇలా కుదరదమ్మా, చిరిగిన చీరేదైనా కట్టుకుని రండి" అన్నాడు. "చిరిగినవన్నీ మసిగుడ్డలు చేసేశానండీ, కట్టుకునేవి లేవు" అంది పిన్ని. వాళ్ళ పెట్టెలోంచి మాసిన చీర ఒకటి తీసి ఇచ్చారు. పిన్నిది చామనచాయ. మేకప్ మనిషి ఆవిడ ముఖానికి, చేతులకి నల్లరంగు పూశాడు. ఎందుకండీ అని అడిగితే కెమెరాలో బాగా పడుతుందన్నాడు. ఎండలో నిలబెట్టి, హీరో కాళ్ళ మీద పడి ఏడవమన్నారు. టేకు మీద టేకు తీశారు.

సినిమా వచ్చాక అందరం వెళ్ళాం. ఆ సీనుకి హాలంతా విజిల్స్. పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, మధ్యలోనే లేచి బయటికి వచ్చేశాడు. వెనకాలే వెళ్తే, "మా అమ్మ ఎప్పుడూ ఎవరి కాళ్ళ మీదా పడలేదురా అన్నయ్యా, పడే మనిషైతే కువైట్ ఎందుకు వెళ్తుంది?" అన్నాడు.

ఆ సినిమాకి పేపర్లలో మంచి రేటింగులే వచ్చాయి. పేదల పక్షాన నిలబడిన సినిమా అని కూడా రాశారు. ఇక్కడే నాకు మండుతుంది. పేదల్ని చూపించారా అని చూశారే గానీ, ఏ పేదల్ని చూపించారని ఎవరూ అడగలేదు. అసలు ఈ రెండుముప్పావు, మూడుంపావు రేటింగుల గోల ఏమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు. మూడు గంటల సినిమాని పావులతో కొలిచి, నిర్మాణ విలువలు బాగున్నాయి, సెకండాఫ్ సాగింది అని నాలుగు ముక్కలు రాసేస్తే అయిపోతుందా?

గోడ మీద అంబేద్కర్ ఫోటో పెట్టేసి, హీరో చేత ఒక డైలాగు చెప్పించేసినా నేను మార్కులు వెయ్యను. నేను చూసేది ఒకటే. ఆ మనిషి ఇంటి లోపలికి కెమెరా వెళ్ళిందా? పొయ్యి మీద ఏం ఉడుకుతోంది, ఆ మనిషి ఏం పని చేస్తాడు, హీరోతో సంబంధం లేకుండా తనకంటూ ఏం కావాలి, ఇవి డైరెక్టరుకి తెలుసా? తెలియకపోతే కథ కూడా బాగుండదు. ఏడవడానికి, చావడానికి మాత్రమే వచ్చే పాత్రతో సీను ఎలా పండుతుంది? అందుకే కథ వేరు, ఎలా చూపించారన్నది వేరు అనే మాట నేను ఒప్పుకోను.

ఇది చెయ్యలేని పనేమీ కాదు. గూడవల్లి రామబ్రహ్మం 1938లోనే చలం కథతో 'మాలపిల్ల' తీశారు. కాంచనమాల హీరోయిన్, గుడి ప్రవేశం గొడవ కథకి కేంద్రం. అంత పాతకాలంలో పేట పిల్లని కథానాయికగా పెట్టి జనం ముందుకు వచ్చారు. మొన్న 2018లో 'రంగస్థలం' తీసిన సుకుమార్ మా రాజోలు వైపు మనిషే. అందులో చిట్టిబాబుకి సరిగ్గా వినబడదు. కానీ మోటారుతో పొలాలకి నీళ్ళు పెడతాడు, ప్రేమిస్తాడు, కొట్లాడతాడు. చెవుడు అతనిలో ఒక సంగతి, అంతే. మన సినిమాల్లో నత్తి ఉన్నవాడు, హిజ్రా, లావుగా ఉన్న అమ్మాయి కనబడితే చాలు, వెనకాల కామెడీ మ్యూజిక్ మొదలవుతుంది. దాన్ని హాస్యం అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో బాధ కూడా ఉంది. నరసాపురం, పాలకొల్లు వైపు మిషనరీలు 1830లలోనే వచ్చారు. తరతరాలుగా మా ఇళ్ళలో ఆదివారం ప్రార్థన ఉంది. సినిమాలో మాత్రం పాస్టరు అంటే స్తోత్రం స్తోత్రం అని అరిచే జోకరే. చర్చిలో కూర్చుని ఏడ్చే ముసలమ్మని, ఆదివారం పాటకి తబలా వాయించే కుర్రాణ్ణి నేను తెర మీద దాదాపు చూడలేదు.

మా అమలాపురం నుంచి గెలిచిన దళిత నాయకుడు బాలయోగి గారు 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. అదే అమలాపురంలో 2022 మే 24న, జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దంటూ మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఈ రెండూ జరిగిన గడ్డ మీద సినిమా తీస్తూ, పడవలో పాట, కొబ్బరిచెట్ల మీద డ్రోన్ షాటు, అండీ అండీ అనే యాసతో నాలుగు జోకులు తీసుకుని వెళ్ళిపోతారు. కోనసీమ అంటే కులమే లేని పచ్చటి చోటన్నట్టు ఉంటుంది.

మా వైపు లొకేషన్లు వెతకడానికి వచ్చేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఒక పూట పేటలోకి రండి. కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు. ఏజెంటు చేతిలో మోసపోయి మస్కట్‌లో ఇరుక్కున్న ఆడవాళ్ళ కథలు చెప్తారు, డీఎస్సీకి చదువుతున్న పిల్లల టెన్షన్లు చెప్తారు, చర్చి కమిటీలో పెద్దరికం కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన సంగతి చెప్తారు. ఆ ఒక్క కమిటీ గొడవ చాలు, రెండున్నర గంటల సినిమా తియ్యొచ్చు.