రుమాలు ఇచ్చిన చెయ్యి: ఎమిలియాపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లోని ఎమిలియా గురించే. నాటకం చదవనివారి కోసం రెండు ముక్కలు. సేనాని ఒథెల్లో భార్య డెస్డిమోనా. ఆమె పరిచారిక ఎమిలియా. ఎమిలియా మొగుడు ఇయాగో, ఒథెల్లో కింద పనిచేస్తూనే అతని మనసులో భార్య మీద అనుమానం నాటుతాడు. దానికి సాక్ష్యంగా వాడుకున్నది, ఒథెల్లో ఆమెకు తొలి కానుకగా ఇచ్చిన రుమాలు. అది ఇయాగోకు అందింది ఎమిలియా ద్వారానే.

గైడ్లలో కొన్ని ఎమిలియాను అమాయకురాలంటున్నాయి, కొన్ని నేరంలో భాగస్వామి అంటున్నాయి. పరీక్షలో ఏది రాయాలి?
– డిగ్రీ విద్యార్థిని, కోఠి

రెండూ మూలంతో సరిపోవు. మూడో అంకం మూడో రంగం తీయండి. రుమాలు ఆమె దొంగిలించలేదు. తలనొప్పి అన్న ఒథెల్లో నుదుటికి డెస్డిమోనా కట్టబోతే, చాలదంటూ అతనే వద్దన్నాడు. అది కింద పడింది, ఇద్దరూ వెళ్లిపోయారు, ఎమిలియా తీసుకుంది. అప్పుడు ఆమె తనలో తాను అనుకునే మాటలు జాగ్రత్తగా చదవండి. దీన్ని కాజేయమని మొగుడు వందసార్లు బతిమాలాడు, దీని కుట్టుపనికి నకలు తీయిస్తాను, దీంతో అతనేం చేస్తాడో దేవుడికే తెలియాలి. ఎందుకన్న ప్రశ్న ఆమెకు తట్టింది, తట్టినా పక్కన పెట్టేసింది. రుమాలు ఇయాగో చేతిలో పడ్డాక, ముఖ్యమైన పనేమీ లేకపోతే తిరిగిచ్చెయ్యమని, ఇది పోయిందని తెలిస్తే అమ్మగారికి పిచ్చెక్కుతుందని కూడా అంటుంది. ఇది అమాయకత్వం కాదు. అలాగని కుట్ర ఆమెకు తెలుసనడానికీ ఆధారం లేదు.

అసలు దోషం ఆ తర్వాతి రంగంలో ఉంది. విద్యార్థులు ఎక్కువగా దాటేసేదీ దాన్నే. రుమాలు ఎక్కడ పోయిందంటావని డెస్డిమోనా అడిగితే ‘నాకు తెలియదమ్మా’ అంటుంది. కాసేపటికే ఒథెల్లో వచ్చి రుమాలు చూపించమని భార్యను గద్దిస్తాడు. అతను విసురుగా వెళ్లిపోయాక, ఈయనది అనుమానం కాదా అని అడుగుతుందే తప్ప రుమాలు మాట ఎత్తదు. ఇచ్చిననాడు ఫలితం ఊహించలేదు, సరే. ఇప్పుడు కళ్లెదుటే కనిపిస్తోంది కదా! మీ జవాబు ఈ తేడా మీద నిలబడాలి. నాలుగో అంకంలో యజమానురాలి శీలానికి తన ఆత్మనే పందెం కడతానంటుంది, అప్పుడూ రుమాలు ఊసెత్తదు.

అయిదో అంకంలో, ఒథెల్లో అనుమానంతో డెస్డిమోనాను చంపేశాక, ఎమిలియాకు నిజం రెండు విడతలుగా తెలుస్తుంది. మొదట మొగుడు అబద్ధం చెప్పాడని, తర్వాత రుమాలు ప్రస్తావన రాగానే అందులో తన చెయ్యీ ఉందని. ఇయాగోకూ తనకూ తప్ప ఎవరికీ తెలియని సంగతి అది. అతను కత్తి దూసినా ఆగకుండా అందరి ముందూ చెప్పేస్తుంది, అతని చేతిలోనే చస్తుంది.

మూలకథను కూడా ఒక వాక్యంలో ప్రస్తావించండి. 1565లో వచ్చిన సింతియో ఇటాలియన్ కథలో రుమాలు దొంగిలించేది మొగుడే. భార్యకు కుట్రంతా తెలుసు, భయంతో నోరు విప్పదు, చివరికి బతికి బయటపడుతుంది. షేక్‌స్పియర్ ఆమెకు కుట్ర తెలియకుండా చేసి, రుమాలు మాత్రం ఆమె చేతుల మీదుగానే ఇప్పించాడు. పాత్రలోని బరువంతా ఆ మార్పులోంచి వచ్చిందే.

గంటన్నరకు కుదించి తెలుగులో వేస్తున్నాం. రిహార్సల్ చూసినవాళ్లు ఎమిలియా విలన్‌లా ఉందంటున్నారు. ఎక్కడ సరిచేయాలి?
– నాటక దర్శకుడు, చిక్కడపల్లి

ముందు రుమాలు తీసే తీరు చూడండి. పడీపడగానే గబుక్కున తీసి అటూ ఇటూ చూస్తే ప్రేక్షకుడు అక్కడే తీర్పు చెప్పేస్తాడు. దంపతులిద్దరూ వింగ్‌లోకి పూర్తిగా వెళ్లాక, మూడు లెక్కపెట్టి వంగమనండి. గుడ్డ అడుగు చదరం చాలు. ‘నీ రుమాలు చిన్నది’ అన్న మాట ఉంది కాబట్టి చున్నీ అంతది పనికిరాదు. తెల్లటి నూలు గుడ్డ మీద ఎర్రటి స్ట్రాబెరీలు రెండేసి అంగుళాలు ఉండేలా కుట్టించండి, వెనక వరసలకూ ఆనతాయి. పల్చటి పాలిస్టర్ అయితే ఫ్యాను గాలికి తేలి వెలుగు లేనిచోట పడుతుంది. ఇయాగో దాన్ని లాక్కోవాలి. తర్వాత ‘తిరిగిచ్చెయ్’ అంటూ ఆమె చాచిన చెయ్యి ఖాళీగా కనిపించాలి.

‘తెలియదమ్మా’ను గొణిగించొద్దు. డెస్డిమోనా నేరుగా ఆమెనే చూస్తూ అడగాలి, ఆమె చేతిపనిలోంచి తలెత్తకుండా జవాబివ్వాలి. ఒథెల్లో అరుస్తున్నంతసేపూ ఆమె మీద లైటు తీయకండి. చివర్లో ‘నా మొగుడా?’ అన్న మాట పదేపదే వస్తుంది, ఒథెల్లో కూడా విసుక్కుంటాడు. అన్నిసార్లూ ఒకే కేకగా పలికితే హాల్లో నవ్వుతారు. మొదటిసారి అర్థంకాక, తర్వాత నమ్మలేక, ఆ తర్వాత నమ్మక తప్పక.

కుదింపులో మొదట కత్తెర పడేది నాలుగో అంకం మూడో రంగానికి, కథ కదలదని. దయచేసి దాన్ని ముట్టుకోకండి. భార్యలకూ మనసూ రుచీ ఉంటాయని, వాళ్లు తప్పటడుగు వేస్తే తప్పు మొగుళ్లదని ఆమె ధైర్యంగా మాట్లాడేది అక్కడే. అంత తెలిసిన మనిషి రుమాలు సంగతి ఎందుకు చెప్పలేదన్న బాధ అక్కడే మొదలవుతుంది. బదులుగా విదూషకుడు వచ్చే రెండు చోట్లా, రెండో అంకంలో దండోరా రంగం తీసేయండి.

ఎమిలియాను మంథరతో పోల్చవచ్చా?
– పాఠకుడు, కూకట్‌పల్లి

కుదరదు. మంథరకు ఏం కావాలో తెలుసు. ఏ వరాలు అడగాలో కైకకు నూరిపోసింది. ఎమిలియా కోరుకున్నది మొగుడి మెప్పు మాత్రమే.

నా దగ్గరున్న ప్రతిలో భార్యల గురించి ఎమిలియా చేసే ప్రసంగమూ లేదు, డెస్డిమోనా పాడే విల్లో పాటా లేదు. పేజీలు పోయాయా?
– పాఠకురాలు, బాగ్‌లింగంపల్లి

పోలేదు. 1622లో అచ్చయిన తొలి ప్రతిలో ఆ రెండూ లేవు. 1623లో వచ్చిన షేక్‌స్పియర్ నాటకాల పెద్ద సంపుటం ‘ఫోలియో’లో ఉన్నాయి. మీది మొదటిదాని పునర్ముద్రణ అయ్యుంటుంది. ఇప్పుడు కళాశాలల్లో వాడే ప్రతులు చాలావరకు రెండింటినీ కలిపి కూర్చినవే. కోఠిలో పాత పుస్తకం కొనేటప్పుడు నాలుగో అంకం చివరి రెండు పేజీలు తిప్పి చూసుకుని తీసుకోండి.