హార్డ్ డిస్క్ నిండా సినిమాలే, బాక్సులో ఒక్కటీ ఆడదు!

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్, గంజాం జిల్లాల నుంచే వచ్చాయి, అన్నిట్లోనూ దాదాపు ఒకటే గొడవ. ఓటీటీ చూడ్డానికి కొన్న బాక్సులో, ఇంట్లో ఏళ్ల తరబడి దాచుకున్న సినిమాలు ఎలా ఆడించాలి అని. మొదటి ఉత్తరం కాస్త అర్జెంటు కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

నాన్నగారు కొన్న డీవీడీలు, మా అక్క పెళ్లి వీడియో, అన్నీ కలిపి 2 టీబీ హార్డ్ డిస్కులోకి ఎక్కించాను. లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఆడుతున్నాయి. కొత్తగా తీసుకున్న ఆండ్రాయిడ్ టీవీ బాక్సుకి తగిలిస్తే మాత్రం డిస్కు పాడైంది, ఫార్మాట్ చేయాలా అని అడుగుతోంది. నొక్కేయమంటారా సార్? – ఒక పాఠకుడు, పర్లాకిమిడి

నొక్కకండి! ముందు రిమోట్ పక్కన పెట్టి డిస్కు ఊడదీయండి, తర్వాత చదవండి.

మీ డిస్కుకి ఏమీ కాలేదు. డిస్కులో ఫైళ్లు సర్దడానికి రెండు మూడు పద్ధతులున్నాయి, విండోస్ లాప్‌టాప్‌తో వాడే పెద్ద డిస్కులు చాలావరకు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉంటాయి. కొన్ని బాక్సులు దాన్ని చదువుతాయి, చాలా వాటికి అది రాదు, రాదని ఒప్పుకోకుండా డిస్కే పాడైందని మన మీదికి నెట్టేస్తాయి. మీరు సరే అన్నారంటే డిస్కు మొత్తం తుడిచిపెట్టేస్తుంది, పెళ్లి వీడియోతో సహా. లాప్‌టాప్‌లో డిస్కు గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి, ఫైల్ సిస్టమ్ అన్న చోట ఎన్‌టీఎఫ్‌ఎస్ అని కనిపిస్తే అనుమానం తీరిపోయినట్టే.

ఇప్పుడు దారి చెప్తాను. ఇంట్లో ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని లాప్‌టాప్‌లో ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలో ఫార్మాట్ చేసి, ఒక్క సినిమా వేసి బాక్సుకి పెట్టి చూడండి. ఆడిందా, అయితే హార్డ్ డిస్కులో ఉన్నదంతా ముందు వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీలో నాలుగైదు ఫైళ్లు నిజంగా ఆడుతున్నాయో లేదో చూసుకుని, అప్పుడు దీన్ని ఎక్స్‌ఫ్యాట్ చేసి మళ్లీ ఎక్కించుకోండి. ఆ రెండో డిస్కుని మాత్రం ఎవరికీ తిరిగి ఇవ్వకండి, దాన్ని బీరువాలో పెట్టేయండి. సినిమా డీవీడీ ఇంకోటి ఎక్కడో దొరుకుతుందేమో గానీ అక్క పెళ్లి మళ్లీ చేయలేం కదా.

ఫ్యాట్32 అని ఇంకో పాత పద్ధతి ఉంది. దాన్ని చదవని బాక్సు ఉండదనే చెప్పొచ్చు, కానీ అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. డీవీడీలో ఫైళ్లు 1 జీబీ ముక్కలుగా ఉంటాయి కాబట్టి వాటిని అలాగే కాపీ చేసుంటే ఫరవాలేదు. రెండు పొరల డీవీడీలో 8.5 జీబీ దాకా పడుతుంది, దాన్ని ఒకే ఫైలుగా చేసుంటే మాత్రం ఫ్యాట్32 లోకి ఎక్కనే ఎక్కదు. డిస్కులో చోటున్నా చోటు లేదని రావడానికి కారణం చాలాసార్లు ఇదే.

బాక్సు ఎక్స్‌ఫ్యాట్ కూడా చదవనంటే దాంతో కుస్తీ పట్టకండి. డిస్కు లాప్‌టాప్‌కే ఉంచి, ఆ ఫోల్డర్‌ని షేర్ చేసి, బాక్సులో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్ వేసుకోండి, ఉచితమే. అందులో బ్రౌజ్‌లోకి వెళ్తే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న లాప్‌టాప్ కనిపిస్తుంది, విండోస్ యూజర్ పేరూ పాస్‌వర్డూ కొట్టి లోపలికి వెళ్లొచ్చు. నాలుగంకెల పిన్ పనిచేయదు, అసలు పాస్‌వర్డే కావాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇంకొకటి, డిస్కు పెట్టగానే టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోతుంటే అది చాలాసార్లు కరెంటు చాలక. బాక్సు యూఎస్‌బీ 2.0 అయితే లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లు, హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువే లాగుతుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే సరి.

బొమ్మ వస్తోంది, మాట రావడం లేదు. అన్ని సినిమాలకీ కాదు, కొన్నిటికే. బాక్సు మార్చమంటున్నారు షాపువాళ్లు. – రాయగడ నుంచి ఒక గృహిణి

మార్చకండమ్మా. మాట రాని సినిమాలు ఏవో ఒకసారి చూడండి, వాటి డీవీడీ అట్టల మీద డీటీఎస్ అనో డాల్బీ 5.1 అనో పెద్ద అక్షరాలతో ఉండి ఉంటుంది. ఆ శబ్దాన్ని బాక్సు విప్పకుండా ఉన్నదున్నట్టు టీవీకి పంపిస్తోంది, టీవీకి అది అర్థం కావడం లేదు. బాక్సు సెట్టింగ్స్‌లో సౌండ్‌లోకి వెళ్లి సరౌండ్ సౌండ్ ఆపేయండి, లేదంటే అవుట్‌పుట్ పీసీఎం లేదా స్టీరియో అని పెట్టండి. సినిమా వీఎల్‌సీలో ఆడించండి, అది శబ్దాన్ని తనే విప్పుకుంటుంది, అందులో పాస్‌త్రూ అనేది ఆన్‌లో ఉంటే తీసేయండి. పైసా ఖర్చు లేదు.

మా దగ్గర ఉన్నవన్నీ పాత వీసీడీలే. 43 అంగుళాల టీవీలో మసకమసగ్గా కనిపిస్తున్నాయి. ఒకాయన సినిమాకి ఇంత అని తీసుకుని 4కె చేసి ఇస్తానంటున్నాడు, ఇవ్వొచ్చా? – గుణుపురం

ఆ డబ్బుతో ఇంకో హార్డ్ డిస్కు కొనుక్కోండి. వీసీడీ బొమ్మ 352 అడ్డం, 288 నిలువు, అంటే మొత్తం లక్ష చుక్కలు. 4కె టీవీలో ఉండేవి దాదాపు 83 లక్షలు. లేని చుక్కలు ఎక్కడి నుంచి తెస్తాడాయన? పెద్దది చేస్తాడు, నున్నగా చేస్తాడు, మొహాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి, ఫైలు మాత్రం పదింతలు అవుతుంది. ఉన్నదున్నట్టు దాచుకోవడమే మంచిది. డిస్కులో ఎంపెగ్‌ఏవీ అన్న ఫోల్డర్‌లో ఉండే డీఏటీ (.DAT) ఫైళ్లని కాపీ చేసుకోండి, వీఎల్‌సీ వాటిని నేరుగా ఆడిస్తుంది. గీతలు పడ్డ డిస్కులు ముందు చేయండి, వాటికి టైము తక్కువ.

పెళ్లి క్యాసెట్ల నుంచి ఎక్కించిన వీడియోలో ఎవరైనా చెయ్యి ఊపినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తున్నాయని కూడా రాశారు. అది ఇంటర్‌లేస్ వల్ల, అంటే బొమ్మని గీత విడిచి గీతగా రెండు సగాలుగా తీయడం, పాత టీవీలకి అలాగే తీసేవాళ్లు. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే పోతుంది.

వానాకాలంలో మా నెట్ లైను రోజుల తరబడి ఉండదు. అప్పుడు ఇంట్లో సర్వర్ పెట్టుకున్నా ఉపయోగం ఉంటుందా? – జయపురం

అసలు అప్పుడే ఎక్కువ ఉపయోగం. నెట్ వేరు, మీ ఇంటి వైఫై వేరు. ఫైబర్ ఎక్కడో తెగినా మీ రౌటర్‌కి కరెంటు ఉంటే చాలు, కంప్యూటర్ నుంచి బాక్సుకి సినిమా హాయిగా వెళ్తుంది. రౌటర్‌ని ఇన్వర్టర్ లైనులో పెట్టించండి. మీ పరిస్థితికి జెల్లీఫిన్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ బాగుంటుంది, కంప్యూటర్‌లోని సినిమాల్ని టీవీకి పంపేది, 2018లో ఎంబీ (Emby) అనే అలాంటి ఇంకోదాని నుంచి విడిపోయి వచ్చింది, పూర్తిగా ఉచితం, లాగిన్ కూడా మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి నెట్ లేదని గుమ్మంలో ఆపదు. ప్లెక్స్ అని ఇలాంటిదే ఇంకోటి చూడ్డానికి ఇంకా ముచ్చటగా ఉంటుంది, కాకపోతే అకౌంటు వాళ్ల దగ్గర ఉంటుంది. ఒక్క టీవీయే ఉన్న ఇంటికి మాత్రం ఈ సర్వర్ల తద్దినం అక్కర్లేదని నా అభిప్రాయం, డిస్కు నేరుగా తగిలించేయండి.

ఆగి ఆగి ఆడితే కారణం ఎక్కువసార్లు వైఫైయే. డీవీడీకి సెకనుకి 10 మెగాబిట్లు చాలు, బ్లూరే అయితే బొమ్మకే 40 దాకా కావాలి, గోడ అవతల 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద అంత రాకపోవచ్చు. ఒక లాన్ కేబుల్ లాగించండి.

మా కోడలు ఒడియా అమ్మాయి, తెలుగు సినిమా ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూస్తుంది. ఫైలు పక్కనే పెట్టినా రావడం లేదు. అలాగే పాత సినిమాకి కొత్త సినిమా పోస్టర్ వచ్చేస్తోంది. – బరంపురం

రెండూ పేర్ల గొడవే. సబ్‌టైటిల్ ఫైలు పేరు సినిమా ఫైలు పేరుతో అక్షరం పొల్లు పోకుండా కలవాలి, చివర ఎస్‌ఆర్‌టీ ఒక్కటే తేడా ఉండాలి. ఒకవేళ తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టినప్పుడు డబ్బాలూ ప్రశ్న గుర్తులూ వస్తే ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపిస్తే, సేవ్ యాజ్‌లో యూటీఎఫ్-8 ఎంచుకుని దాచండి. పోస్టర్ సంగతికొస్తే, దేవదాసు అని ఒక్క ముక్క రాస్తే, ఫైలు పేరు చూసి పోస్టర్ వెతికే ఆ యాప్ ఏం చేస్తుంది పాపం, 1953లో ఒకటి, 1974లో ఒకటి, 2006లో ఒకటి ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో సినిమా పేరు, పక్కనే బ్రాకెట్లలో సంవత్సరం రాయండి. పిల్లలు ఒడియా మీడియం అయినా వెతుక్కోగలుగుతారు.

అన్ని కొత్త సినిమాలూ ఫ్రీగా వచ్చే యాప్‌తో సహా బాక్సు అమ్ముతున్నారు సార్, తీసుకోనా? – పేరు రాయలేదు

వద్దు. ఆ సినిమాలు దొంగవి, అదొకటి. రెండోది, ఇలాంటి చౌక ఆండ్రాయిడ్ బాక్సుల్లో కొన్నిట్లో కొనకముందే మాల్‌వేర్ ఉన్నట్టు 2023లో బయటపడింది, 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా వీటి గురించి హెచ్చరిక ఇచ్చింది. మీ ఇంటి వైఫైలోకి దాన్ని రానిస్తే మీ లైను మీద ఎవడో ఏదో చేస్తుంటాడు. గూగుల్ సర్టిఫికేషన్ ఉన్న బాక్సు కొనండి, కొనేటప్పుడు ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో మీ సినిమా ఒకటి తీసుకెళ్లి షాపులోనే ఆడించి చూడండి.